వంపు సూది

మా అమ్మాయికి భయం తెలియదు. ఈ మాట ఎవరైనా పొగడ్తగా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. పిరికి పిల్లను కన్న తల్లికి సగం బరువు తగ్గుతుంది, ఆ పిల్ల జాగ్రత్త ఆ పిల్లే చూసుకుంటుంది కాబట్టి. మాది అలా కాదు. కుక్క మొరిగితే దాని దగ్గరికే వెళ్ళి ఏమిటి సంగతని అడిగే రకం. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడదు. వాళ్ళ నాన్న సిటీ బస్సు డ్రైవరు కాబట్టి ఊళ్ళో బస్సులన్నీ తనను చూసి ఆగుతాయని దాని ధీమా. దాని వాటా భయం కూడా చిన్నప్పటి నుంచీ నేనే పడుతున్నాను. అలాంటి పిల్ల పందొమ్మిదో ఏట, వానలు మొదలైన వారంలో, విమానం నడపడం నేర్చుకుంటానంది.

దీనికంతటికీ మూలం ఒక చిరిగిన సీటు. మాది మార్కెట్ వీధిలో కుట్టుపని దుకాణం. బట్టలు తక్కువ, సోఫా గవుసులు, బళ్ళ సీట్లు, టార్పాలిన్లు ఎక్కువ. ఒకరోజు తెల్లజుట్టు పెద్దాయన ఒకరు చంకలో సీటు పెట్టుకుని వచ్చారు. అది స్కూటరుదో కారుదో నాకు అంతుపట్టలేదు. "విమానానిదమ్మా" అన్నారాయన, ముక్కాలిపీటది అన్నంత తేలిగ్గా. ఒకప్పుడు పెద్ద విమానాలు నడిపిన మనిషి. ఇప్పుడు ఊరి చివర గడ్డి మైదానంలో ఉన్న ఫ్లయింగ్ క్లబ్బు చూసుకుంటారు. అందరూ ఆయన్ని కెప్టెన్ గారంటారు.

సీటు కుట్టి అమ్మాయికిచ్చి పంపాను. గంటలో రావలసిన పిల్ల దీపాలు పెట్టే వేళకు వచ్చింది. చెప్పుల నిండా బురద, మోచేతులకు నూనె, మొహమంతా వెలుగు. ఆ వెలుగు చూసే నాకు గుండె గుభేలుమంది.

"అమ్మా, వాళ్ళు నేర్పిస్తారట. డబ్బు కట్టక్కర్లేదట."

"డబ్బు వద్దంటే ఇంకేదో కావాలన్నమాటే. ఏం కావాలట?"

"పని" అంది.

సంగతేమిటంటే, ఆ క్లబ్బులో ఒక గంట ఎగరాలంటే మా ఇంటి నెల ఖర్చంత అవుతుంది. సరదాకి అంత పెట్టగలిగిన వాళ్ళు ఎప్పుడో చేరారు, చేరి ముసలివాళ్ళయ్యారు. సభ్యుల్లో అందరికంటే చిన్నాయనకే కంటి శుక్లం ఆపరేషనైంది. గోడ మీద వాళ్ళ గ్రూపు ఫోటో చూస్తే కళ్ళాసుపత్రి బయట వరసలో కూర్చున్నట్టే ఉంటుంది. ఒక్కొక్కరినే డాక్టర్లు ఎగరొద్దంటున్నారు. కుర్రవాళ్ళు రాకపోతే ఆ మైదానం గోడౌన్లకు పోతుంది. అందుకని కెప్టెన్ గారు ఒక ఉపాయం ఆలోచించారు. వచ్చి షెడ్డులో పనిచేసిన వాళ్ళకు జీతం బదులు గాలి. ఇరవై గంటలు పనిచేస్తే ఒక గంట పైకి తీసుకెళ్ళి నేర్పుతారు. ఆ ఏడు వానాకాలంలో క్లబ్బుకున్న ఒకే ఒక్క విమానానికి పాత బట్ట ఊడదీసి కొత్త బట్ట వేయాలి కాబట్టి పనికి కొదవలేదు. అప్పటికే నలుగురు పిల్లలు చేరారు. మాది ఐదోది.

నేను మధ్యలో ఒక మాట దగ్గరే ఆగిపోయాను.

"బట్టేమిటే? విమానానికి బట్టేమిటి?"

"రెక్కలు బట్టవే అమ్మా. లోపల చెక్క, పైన బట్ట. చేత్తో కుట్టాలట. నీకు తెలిసిన పనే!"

నాకు తెలిసిన పనే, అదే నా బాధ. ఇరవై ఏళ్ళుగా బట్టతో బతుకుతున్నదాన్ని. బట్ట ఎన్ని రకాలుగా చిరుగుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఇనుముదనుకుంటే కొంత ధైర్యంగా ఉండేదేమో.

భోజనాల దగ్గర మా ఆయనకు చెప్పి, కాస్త గట్టిగా కోప్పడమన్నాను. ఆయన అన్నం కలుపుకుంటూ, "నేను రోజూ అరవైమందిని వేసుకుని తిరుగుతున్నా. అది ఒక్కతే తిరుగుతుంది. ఎదురుగా లారీ కూడా రాదు" అన్నాడు.

"మీ బండికి బ్రేకుంది. గాల్లో దానికి బ్రేకేది?"

"గాల్లో ట్రాఫిక్కేది?" అని నవ్వాడు. తండ్రీ కూతుళ్ళిద్దరూ నవ్వారు.

మర్నాడు నేనే వెళ్ళాను, నాలుగు మాటలు దులిపేసి రావాలని. రేకుల షెడ్డు. వాన చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినిపించడం లేదు. మధ్యలో విమానం, రెక్కలు ఊడదీసి ఉంది. ఒక రెక్క అస్థిపంజరంలా పక్కకు ఆనించి ఉంది. వేలంత మందం చెక్కలు, మధ్యలో సన్నటి తీగలు. దీని మీదనా నా పిల్ల కూర్చునేది!

మెకానిక్ నాకంటే చిన్నవాడు, నోరు మంచిది. నా మొహం చూసి స్టూలు వేశాడు. "భయపడకక్కా. అటు చూడు" అని గోడకు మేకుకున్న ఎర్రగుడ్డ చూపించాడు. ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా సరే, కెప్టెన్‌కైనా ఊడ్చేవాళ్ళకైనా, విమానం విషయంలో అనుమానం వస్తే ఆ గుడ్డ తీసి ముందున్న పంకాకు కట్టేయొచ్చు. ఎందుకని ఎవరూ అడగరు. అంతే, ఇక విమానం కదలదు. కట్టినవాళ్ళు తమ చేత్తో తామే విప్పాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. "కిందటేడు వాచ్‌మన్ కట్టాడు, నేల మీద నూనె చుక్క చూసి. రెండు రోజులు చూశాం. అది ఆయన సైకిల్ నూనే" అన్నాడు మెకానిక్. "ఎవరూ నవ్వలేదా?" అన్నాను. "విప్పాక నవ్వాం" అన్నాడు.

దులపడానికి వెళ్ళినదాన్ని, కెప్టెన్ గారు ఒక్క మాటతో కట్టిపడేశారు. "మీరు కూడా కుట్టండమ్మా. మీ గంటలు మీ అమ్మాయి పేరునే వేస్తాం."

నేను ఒప్పుకున్నాను. మా ఆయన ఇప్పటికీ దాన్ని వింతగా చెబుతాడు. వింతేం లేదు. పక్కనే ఉంటే ఎప్పుడో ఒకప్పుడు మాన్పించవచ్చని ఒక ఆశ. మాన్పించలేకపోతే, నా బిడ్డను మోసే కుట్టు నా చేతిదే కావాలని ఇంకో ఆశ. రెండూ ఒకదానికొకటి పొసగవని నాకూ తెలుసు.

ఆ వానాకాలమంతా మధ్యాహ్నం దుకాణం మూసి అక్కడికే వెళ్ళాను. రెక్కను నిలువునా నిలబెట్టి రెండు వైపులా బట్ట లాగి అతికిస్తారు. ఇటు నేను, అటు మా అమ్మాయి. జానెడున్నర పొడుగు సూది. నేను ఇటునుంచి గుచ్చితే చెక్క పక్కగా అటు వెళ్తుంది, అది దారం బిగించి తిరిగి పంపుతుంది. మనిషి కనిపించదు. "పంపమ్మా" అని గొంతు, తర్వాత బట్టలోంచి సూది మొన. ప్రతి కుట్టుకూ ముడి. ఒక ముడి తెగినా పక్కది ఆగేలా వేయాలి. నేను ప్రతి ముడినీ రెండుసార్లు లాగి చూసేదాన్ని. "అమ్మా, ఇలా అయితే నా సోలోకి నాకూ తెల్లజుట్టొస్తుంది" అనేది అటునుంచి. సోలో అంటే పక్కన ఎవరూ లేకుండా ఒంటరిగా ఎగరడం. ఆ మాట వింటే ఆ ముడిని మూడోసారి లాగి చూసేదాన్ని.

రెక్క చివర, విమానాన్ని పక్కకు వాల్చడానికి కదిలే పలక ఒకటి ఉంటుంది, దాని దగ్గర మూలలో పొడుగు సూది తిరగదు. అక్కడ అంచు లోపలికి మడిచి వంపు సూదితో కుట్టాలి. అలాంటిది నా దగ్గర లేదు. మా దుకాణం పక్కన పరుపులు కుట్టే ఆయన్ని అడిగి తెచ్చాను. నాలుగు మూలలూ అమ్మాయే కుట్టింది. దానికి సూది పట్టడం నేర్పింది నేనే. సూది ఎప్పుడూ కింద పెట్టకూడదు, చేతిలో లేకపోతే బట్టలో గుచ్చి ఉండాలి అని అక్షరాలకంటే ముందు నేర్పాను. కుట్టుపని ఇళ్ళలో అందరూ అంతే, లేకపోతే పాదాల్లో దిగుతుంది. బట్ట కుట్టాక దాని మీద వేడి ఇస్త్రీపెట్టె నడిపారు. వదులుగా ఉన్న బట్ట కళ్ళముందే బిగుసుకుని, వేలితో కొడితే మోగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ మోతకు నాక్కూడా కొంచెం గర్వంగా అనిపించిన మాట నిజం.

వానలు వెనకబట్టాయి. ఆకాశం తేటపడింది. మా పిల్ల గంటలు ఖర్చు పెట్టడం మొదలైంది.

అక్కడి నుంచి నా బతుకు బతుకు కాదు. ముందు సీట్లో అది, వెనక కెప్టెన్ గారు. విమానం లేచిందంటే నా పై ప్రాణాలు పైనే ఉండేవి. ఇంజను చప్పుడు కాస్త మారితే చాలు, మెకానిక్ మొహం చూసేదాన్ని. దిగి వచ్చినదాన్ని "భయం వేయలేదూ?" అని అడిగితే, "ఎందుకు?" అనేది. నిజంగానే అడిగేది, ఎందుకని. ఆ ప్రశ్న వింటే నాకు ఏడుపొచ్చేది. రోడ్డు దాటినట్టే ఆకాశం దాటుతోంది ఇది, అటూ ఇటూ చూడకుండా.

మాన్పించడానికి నేను చేయని ప్రయత్నం లేదు. ఒకరోజు తలనొప్పన్నాను. ఒకరోజు పీడకల వచ్చిందన్నాను. ఒకరోజు మబ్బు ఉందన్నాను, వేలితో చూపించబోతే అది కాస్తా పొయ్యి పొగ. ఒకసారి టైరు మెత్తగా ఉందని మెకానిక్‌ని లేపాను. ఇంకోసారి రెక్క మీద గీత ఉందన్నాను, తుడిస్తే పోయింది. గుడ్డ కట్టేదాకా ఎప్పుడూ వెళ్ళలేదు గానీ, మేకు వైపు చూడని రోజు లేదు. "అక్కకు ఇవాళేం కనిపించిందో" అని మెకానిక్ నవ్వేవాడు. మిగతా పిల్లలూ నవ్వేవారు. మా అమ్మాయి మాత్రం నవ్వడం మానేసింది. "నువ్విలా చేస్తే వాళ్ళు నన్ను పసిపిల్ల అనుకుంటారు. ఇంక నీ మాట ఎవరూ నమ్మరు, చూడు" అంది.

చలి మొదలవుతున్న రోజుల్లో, ఒక ఉదయం, అది తొందరగా తయారై వెళ్ళింది. సోలో ఆరోజేనని నాకు చెప్పలేదు. వాళ్ళ నాన్నకు చెప్పింది. ఆయన డ్యూటీకి పోతూ గుమ్మంలో నోరు జారాడు. నేను నెత్తీ నోరూ కొట్టుకుని, దుకాణం తెరిచి, వెళ్ళాలా వద్దా అని కత్తెర పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడు పరుపులాయన తల లోపల పెట్టాడు.

"అమ్మా, ఆ వంపు సూది ఇస్తావా? చలి పడుతోంది, పరుపుల సీజనొచ్చింది."

"అలాగే అన్నయ్యా" అని డబ్బా తీశాను. నా సూదులు నాకు కొట్టినపిండి, ఏ రోజు ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ వంపు సూది నాది కాదు. నా డబ్బాలో దానికి చోటు లేదు, అందుకే లేదని కూడా నాకు తెలియలేదు. సొరుగు వెతికాను. మిషను కింద వెతికాను. షెడ్డుకు తీసుకెళ్ళే సంచి దులిపాను. చాక్‌పీసు ముక్కలు రాలాయి. చివరిసారి దాన్ని చూసింది ఎక్కడ? రెక్క చివర మూలలో. అమ్మాయి చేతిలో. ఆ తర్వాత ఎవరో టీకి పిలిచారు, అది లేచి వెళ్ళింది. సూది కింద పెట్టదు. నేనే నేర్పాను. బట్టలో గుచ్చి వెళ్ళి ఉంటుంది. వచ్చాక మిగతా మూల ముగించింది, చిన్న సూదితో ఎలాగో తిప్పి, వంపు సూది మర్చిపోయి. ఆ పైన ఇస్త్రీపెట్టె నడిచింది. బట్ట బిగిసింది. గుచ్చిన సూది?

"ఏమ్మా, ఏమైంది?" అంటున్నాడు పరుపులాయన. ఆయన సైకిలే లాక్కుని బయల్దేరాను.

మార్కెట్ వీధి, రైలు గేటు, చెరకు రసం బండి, గడ్డి మైదానం. ఏదీ నాకు సరిగా గుర్తు లేదు. గుర్తున్నదల్లా చప్పుడు. నేను గేటు దగ్గరికి చేరేసరికి విమానం నెత్తి మీదుగా వెళ్ళింది. తల ఎత్తి చూస్తే నేను కుట్టిన కుట్లు, వరసలు వరసలుగా, ఎండలో కనిపిస్తున్నాయి. వాటి మధ్య ఎక్కడో సూది.

మెకానిక్ షెడ్డు ముందు, విమానంలో వాళ్ళతో మాట్లాడే రేడియో పట్టుకుని నిలబడి ఉన్నాడు. పిల్లలు నలుగురూ అక్కడే ఉన్నారు.

"ఇప్పుడు కెప్టెన్ గారు వెనకున్నారక్కా. ఈ రౌండు తిరిగి నేల మీదికొచ్చాక ఆయన దిగిపోతారు, ఇంక అమ్మాయి ఒక్కతే..."

"ఆపు. దింపు. రెక్కలో సూది ఉంది."

మెకానిక్ నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. కోపం లేదు, జాలి. "అక్కా, ఇవాళొద్దు. ఇవాళ దాని రోజు. పాపం."

"నిజం నాయనా. ఈసారి నిజం."

"టైరు కూడా నిజమే అన్నావు కదక్కా."

ఒక పిల్లాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు, నవ్వు ఆపుకోడానికి. షెడ్డులోకి వెళ్ళి మేకు మీది ఎర్రగుడ్డ తీసుకుని బయటికొచ్చాను. గుడ్డ నా చేతిలో చూడగానే మెకానిక్ మొహం మారిపోయింది. నవ్వు, జాలి, అన్నీ పోయాయి. రేడియో నోటి దగ్గర పెట్టుకుని, "దిగి ఆగిపోండి. ఇంజను ఆపేయండి. గుడ్డ తీశారు" అన్నాడు. ఎవరు తీశారో చెప్పలేదు.

విమానం ఒక వైపుకు వాలి తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా ఆ పలక కదులుతుంది, పలకతో దాన్ని లాగే తీగ కదులుతుంది, తీగ పక్కన సూది. అది అడ్డుపడితే పలక ఇక కదలదు. చక్రాలు నేలను తాకాయి. పంకా ఆగాక వెళ్ళి గుడ్డ కట్టాను. ముడి పడలేదు. జీవితమంతా ముడులు వేసిన చేతులు అవి, మూడోసారికి గానీ పడలేదు.

మా అమ్మాయి దిగి నా ఎదురుగా నిలబడింది.

"అమ్మా, ఒక్కటి చెప్పు. ఇది నిజమా, నాటకమా?"

"పరుపులాయన సూది కనిపించడం లేదే."

"ఇంట్లో సరిగ్గా చూశావా?"

"చూశాను."

అది నమ్మలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, హెడ్‌సెట్ సీటు మీదికి విసిరేసి, షెడ్డు వెనక్కి వెళ్ళిపోయింది. కెప్టెన్ గారు మాత్రం నన్నేమీ అడగలేదు. "ఏ మూలమ్మా?" అన్నారంతే.

రెక్క అడుగున గుండ్రటి మూతలుంటాయి. అవి తీసి దీపం పెట్టి, అద్దం పెట్టి, తీగకు అయస్కాంతం కట్టి వెతికారు. మధ్యాహ్నం దాకా ఏమీ దొరకలేదు. పిల్లలు గుసగుసలు మొదలుపెట్టారు. వచ్చే ఆదివారం కాలేజీల వాళ్ళను పిలిచి విమానం చూపించాలి, కొత్తవాళ్ళను చేర్చుకోవాలి, ఉన్నది ఈ ఒక్క విమానం. దొరకదేమో, నేనే పొరపాటు పడ్డానేమో, అది ఏ మిషను సందులోనో ఉందేమో. అలా అయితే బాగుండునని నాకూ ఉంది, నలుగురిలో మొహం చెల్లకపోయినా సరే.

"ఆ మూల మూతల్లోంచి అందదు" అన్నాడు మెకానిక్. అని, ఆగి, "కోయాలి" అన్నాడు.

ఒక వానాకాలం పని అది. ఐదుగురు పిల్లలు వేళ్ళు బొబ్బలెక్కేలా కుట్టి, మూడు పూతలు పూసి, ఎరుపు గీత వేసి మురిసిపోయిన రెక్క. కెప్టెన్ గారు బ్లేడు తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా, ఆ గీత పక్కనే బట్ట కోశారు. ఆ చప్పుడు నాకు తెలిసిన చప్పుడే. చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి, చాలాసేపు తడిమి, మెల్లిగా బయటికి తీశారు.

వేళ్ళ మధ్య వంపు సూది.

వెంటనే నాకివ్వలేదు. వెలుతురులోకి తీసుకెళ్ళి తిప్పి చూశారు. సూది నల్లబడింది, వంపు వెనక మాత్రం ఒక చోట మెరుస్తోంది. తీగ రాసుకుని రాసుకుని అరగదీసిన చోటు. ఆయన అదేమిటో నాకు చెప్పలేదు. మెకానిక్‌కి చూపించారు. మెకానిక్ నన్ను చూసి తల దించుకున్నాడు.

అప్పటికి మా అమ్మాయి వచ్చి నిలబడి ఉంది. సూది చేతిలోకి తీసుకుంది. ఆ మెరిసే చోటు మీద బొటనవేలు పెట్టింది.

"నేనే గుచ్చాను. టీకి వెళ్తూ, మడతలో" అంది.

"కింద పెట్టొద్దని నేనే కదే నేర్పింది" అన్నాను.

అది విననట్టు, ఉన్నచోటే నేల మీద కూర్చుండిపోయింది. ఎన్నో రోజులుగా ఎగురుతోంది ఆ సూదితో. ఏ రోజైనా జరగొచ్చు. ఆ లెక్క నేను వేయలేదు, వేయడానికి ధైర్యం చాలలేదు.

ఆ సాయంత్రం మా ఆయన జోకు వేయలేదు. కంచం ముందు కూర్చుని, "ఎన్నాళ్ళున్నట్టు లోపల?" అని ఒక్క మాటే అడిగాడు. జవాబు విని చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మర్నాడు బస్సు ఎక్కే ముందు చుట్టూ తిరిగి టైర్లన్నీ చూశాడట, కండక్టరు చెప్పాడు.

ఐదుగురిలో ఒక పిల్లాడు మళ్ళీ రాలేదు. వాళ్ళమ్మ పంపలేదట. ఆమె మీద నాకు కోపం రాలేదు, అసూయ కలిగింది. ఆదివారం కాలేజీ పిల్లలు వచ్చేసరికి రెక్క కోసి ఉంది. దాచేద్దామా అన్నాడు మెకానిక్. వద్దన్నారు కెప్టెన్ గారు. కోసిన చోటే వాళ్ళందరినీ నిలబెట్టి ఏం జరిగిందో దాపరికం లేకుండా చెప్పారు. సగంమంది అక్కడే జారుకున్నారు. ముగ్గురు మాత్రం మర్నాడు ఉదయమే వచ్చి, ఏం పని చేయాలని అడిగారు.

మళ్ళీ కుట్టాం. ఈసారి అటువైపు నుంచి "పంపమ్మా" అన్న గొంతు రాలేదు. సూది మాత్రం వచ్చేది, ఆలస్యంగా. ముడి వేశాక అటునుంచి దారం రెండుసార్లు కదిలేది. లాగి చూసుకుంటోందని నాకు అర్థమయ్యేది. ఇంట్లో మాటలు తగ్గాయి. ఇంక వెళ్ళదేమో అనుకున్నాను. నోరు తెరిచి అడిగితే ఎక్కడ వెళ్తానంటుందోనని అడగలేదు.

అంతా అయింది. మెకానిక్ చూశాడు, కెప్టెన్ గారు చూశారు, ఇంకో ఊరి నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు చూసి సంతకం పెట్టాడు. ఎర్రగుడ్డ మాత్రం పంకాకు అలాగే ఉంది. నేను విప్పాలి.

ఉదయం ఎండ అప్పుడే వచ్చింది. అందరూ దూరంగా నిలబడ్డారు, తొందరపెట్టినట్టు ఉండకూడదని. మా ఆయన సెలవు పెట్టి వచ్చాడు గానీ మైదానానికి వీపు పెట్టి నిలబడ్డాడు. నేను పంకా దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు నాకు ఏ అనుమానమూ లేదు. సూది దొరికింది, కుట్టు గట్టిది. భయం మాత్రం అంతే ఉంది. దానికి కారణం అక్కర్లేదని అప్పుడు తెలిసింది. విప్పకుండా ఉండిపోతే నన్ను ఎవరూ ఏమీ అనరు, ఆ పద్ధతే అలాంటిది. ఏళ్ళ తరబడి ఆ విమానం అక్కడే ఉండిపోవచ్చు, నా పిల్ల నేల మీదే ఉండిపోవచ్చు. నేను దాని వైపు చూశాను. అది నా వైపు చూడటం లేదు. రెక్క చివర వంగి ఆ పలకను పైకీ కిందికీ కదిపి, చెవి ఆనించి వింటోంది. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

గుడ్డ విప్పాను.

తర్వాత జరిగింది నేను చూడలేదు. కళ్ళు నేల మీదే పెట్టుకున్నాను. చప్పుడు లేచింది, దూరమైంది, చాలాసేపు ఏమీ లేదు. గడ్డి మీద ఒక నీడ వేగంగా జారి వెళ్ళింది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, ఆయన అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. చప్పుడు దగ్గరైంది, చక్రాలు నేలను తాకాయి, ఒకసారి ఎగిరి మళ్ళీ తాకాయి. అందరూ అరుస్తూ పరుగెత్తారు.

అది వాళ్ళ చేతుల్లోంచి తప్పించుకుని నా దగ్గరికి వచ్చింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. చెవి దగ్గర నోరు పెట్టి, ఎవరికీ వినపడకుండా, "అమ్మా, నాకు చాలా భయమేసింది" అంది.

"ఎప్పుడు?"

"లేచిన వెంటనే. వెనక సీటు ఖాళీ. ఏ చప్పుడైనా సూదిలాగే వినిపించింది. చెయ్యి ఒకటే వణుకు." గొంతు తగ్గించింది. "ఇంక వెళ్ళొద్దంటావా?"

ఆ మాట కోసం నేను ఒక సీజనంతా కాచుకుని ఉన్నాను. ఒక్క తల ఊపితే చాలు. దాని చెయ్యి నా చేతిలో వణుకుతోంది, పుట్టిన పందొమ్మిదేళ్ళలో మొదటిసారి. ఆ వణుకును అలా పట్టుకుని ఉంటే, ఇన్నేళ్ళుగా దాని బదులు నేను మోస్తున్నదేదో దాని చేతికి చేరినట్టు నాకు ఊపిరి తేలిగ్గా ఆడింది.

"మళ్ళీ ఎప్పుడుంది నీకు?" అన్నాను.

"ఎల్లుండి."

"ఎల్లుండి ఇలాగే భయపడి వెళ్ళు" అన్నాను, దాని నుదుటి చెమట తుడిచి.